ఇటుక మీద చెప్పులు

సుందరరాజు కుడి పాదంలో స్పర్శ పోయి ఎంత కాలమైందో కచ్చితంగా చెప్పగలిగినవారు లేరు. ఆయనే చెప్పలేడు. నొప్పి మొదలైన రోజును మనిషి గుర్తు పెట్టుకుంటాడు గాని, నొప్పి తెలియడం మానేసిన రోజుకు ఏ ఆనవాలూ ఉండదు. చక్కెర జబ్బు బయటపడి ఎనిమిదేళ్లయింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన మాత్రలు వేసుకునేవాడు. అయిపోతే మళ్లీ ఇచ్చేదాకా ఆగేవాడు. అంతకు మించి ఆ జబ్బు ఆయన్ను ఏమీ అడగలేదు, ఆయనా దాన్ని ఏమీ అడగలేదు.

ఏర్పేడుకు ఆరు కిలోమీటర్ల దూరంలో, రైలు కట్టకు అవతల ఉన్న కాలనీలో ఆయన ఇల్లు. వయసు యాభై ఎనిమిది. ముప్పై ఏళ్లుగా నిమ్మతోటల్లో కాయ కోసే పని. దోటితో కొమ్మ వంచి కోయడం, రాలినవి ఏరడం, చిన్నవీ పెద్దవీ వేరుచేసి గోనె సంచులకు ఎత్తడం, సాయంత్రం గూడూరు మార్కెట్టుకు పోయే వ్యానులోకి వాటిని చేర్చడం. భార్య చనిపోయి ఆరేళ్లు. ఒక్కతే కూతురు కృపామణి, ఇరవై నాలుగేళ్ల పిల్ల, శ్రీసిటీలోని ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పక్క ఇంట్లో ఆయన అక్క ఆనందమ్మ ఉంటుంది. ఆమెకు పిల్లలు లేరు. తమ్ముడి ఇంటి పెత్తనమంతా ఆమెదే.

నిమ్మచెట్టు ముల్లు రబ్బరు చెప్పును కూడా దాటి దిగుతుంది. ఆ ఫిబ్రవరిలో అలాంటి ముల్లొకటి ఆయన చిటికెన వేలి మొదట్లో దిగి విరిగి ఉండిపోయింది. ఆయనకు తెలియలేదు. మొదట తెలుసుకున్నది ఆనందమ్మ ముక్కు.

"రేయ్ సుందరా, మీ ఇంట్లో యాడో ఎలుక సచ్చినట్టుండాది, సూడు" అంది.

ఆ ఆదివారం తండ్రీ కూతుళ్లు ఇల్లంతా వెతికారు. వెతికింది కృపామణి, మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని దారి చూపింది ఆయన. "ఆ రేకు పెట్టె కింద సూడు మ్మా. బియ్యం డ్రమ్ము ఎనకాల సూడు." పెట్టెలన్నీ జరిపినా ఎలుక దొరకలేదు. ఆఖరికి మంచం కింద చూద్దామని ఆ పిల్ల వంగింది. వంగినప్పుడు తండ్రి పాదం ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉంది.

"నాయనా, ఎలుక కాదు" అంది.

తిరుపతిలోని ఒక పెద్దాసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది. డాక్టర్ బాలచంద్ర రెండు వేళ్లు తీసేసి, చీము కడిగి, పాదాన్ని నిలబెట్టాడు. ఖర్చు అడ్డం రాలేదు. ఆరోగ్య కార్డు మీద అంతా ఉచితంగానే జరిగింది. చికిత్సలో లోపం లేదు. ఆ తరవాత నేను కాగితాలన్నీ చూశాను గనక ఈ రెండు మాటలూ ముందే చెప్పడం న్యాయమనిపిస్తుంది. శస్త్రచికిత్స జరిగి ఇంటికి వెళ్లి, నెల తిరగకముందే మళ్లీ ఆసుపత్రిలో చేరినవారి ఇళ్లకు వెళ్లి, ఎందుకలా జరిగిందో విచారించి రాసే పని ఆసుపత్రి వారు నాకు అప్పగించారు. ఆ కాగితాల్లో సుందరరాజు ఒక వరుస మాత్రమే.

ఇంటికి పంపిన సోమవారం డాక్టర్ బాలచంద్ర మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అది అందరు డాక్టర్లూ చేసే పని కాదు.

"పెద్దాయనా, ఇప్పటికి నీ కాలు నిలిచింది. ఈ పుండు మానిందంటే మళ్లీ తోటకు పోతావు. ఇంకోసారి చీము పట్టిందనుకో, మోకాలి కింద తీసేయాల్సి వస్తాది. నీకు నొప్పి తెలీదు. కాబట్టి కండ్లతో సూసుకోవాల. ముందు పాదం మీద బరువెయ్యద్దు. ఇవిగో, ఈ చెప్పులు. ఇవి లేకుండా నడవద్దు."

"అట్లనే సార్. దేవుడి మాదిరి చెప్పినారు."

"దేవుడు వద్దులే, చెప్పులు గుర్తు పెట్టుకో సాలు" అన్నాడు డాక్టరు. పక్క మంచాలవాళ్లు నవ్వారు.

అప్పుడు కృపామణి అక్కడ లేదు. కింద మందుల కిటికీ దగ్గర వరుసలో నిలబడి ఉంది. 'ఇంట్లో కూడా వేసుకోవాలి' అన్న మాట ఆ రోజు అక్కడ పలికారా లేదా అన్నది ఇప్పుడు తేల్చలేం. ప్రతి రోగికీ ఆ మాట చెబుతానని డాక్టరు అంటాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. తాను వినలేదని సుందరరాజు అంటాడు. ఈయనా అబద్ధం చెప్పే మనిషి కాదు. ఇచ్చిన కాగితంలో ఇంగ్లీషులో ఒకటీ తెలుగులో ఒకటీ రెండు వాక్యాలున్నాయి. ఎల్లవేళలా పాదరక్షలు ధరించవలెనని తెలుగు వాక్యం. సుందరరాజుకు చదువు వచ్చు, బైబిలు కూడబలుక్కోకుండా చదువుతాడు. ఆ వాక్యాన్నీ చదివాడు.

ఆ చెప్పులు ఆసుపత్రి వారి కార్ఖానాలోనే కుట్టినవి. నీలం రంగు, అరచేతి మందాన మెత్తటి అడుగు, పర్రుమని ఊడి వచ్చే నల్లటి పట్టీలు. పుండున్న చోట బరువు పడకుండా లోపల గుంట తీసి ఉంటుంది. పట్టీని కట్టు మీదుగా ఎంతకైనా వదులు చేసుకోవచ్చు. "ఇంత మెత్తటి చెప్పులు నా పెండ్లికి కూడా యేసుకోలే" అని ఆయన ఆటోలో కూతురితో అన్నాడట.

ఇంటికి రాగానే గడప బయట కుడివైపు ఒక ఇటుక వేయించి, దాని మీద ఆ చెప్పుల్ని పెట్టించాడు. కోళ్లు పాడు చేయకుండా పైన తువ్వాలు కప్పించాడు. పొద్దున ఒకసారి తడిగుడ్డతో తుడిచేవాడు. వీధిలోకి వెళ్లాల్సి వస్తే గడప మీద కూర్చుని, శ్రద్ధగా పట్టీలు బిగించుకుని లేచేవాడు. తిరిగి వచ్చాక మళ్లీ అక్కడే కూర్చుని విప్పి, ఇటుక మీద పెట్టి, లోపలికి మడమ మీద నడుచుకుంటూ వెళ్లేవాడు.

ఆ ఇంట్లో మంచానికీ వెనక ఉన్న మరుగుదొడ్డికీ మధ్య పద్నాలుగు అడుగులు. నేను నడిచి చూశాను. నున్నటి సిమెంటు నేల, తలుపు దగ్గర ఒక అంగుళం ఎత్తు గట్టు. చక్కెర జబ్బు మనిషి రోజుకు పదిసార్లయినా ఆ దారి నడుస్తాడు. ఆ దారంతా వట్టి కాళ్లతో నడిచాడు. ఎవరూ చూడకుండా కాదు, అందరూ చూస్తుండగానే. చెప్పులతో ఇంట్లోకి రావడమన్నది ఆయన కాదనుకున్న పని కాదు, ఆయన ఊహలోకే రాని పని. అక్కడే అన్నం తింటారు, అక్కడే మోకాళ్లూని ప్రార్థన చేస్తారు. ఆ కాలనీలో చెప్పులతో ఇంట్లోకి వచ్చినవాణ్ణి తాగి ఉన్నాడనుకుంటారు.

రోజు మార్చి రోజు కట్టు మార్చడానికి విలేజ్ క్లినిక్ నుంచి నర్సు రేవతి వచ్చేది. నెమ్మదస్తురాలు, పని తెలిసిన మనిషి. స్కూటరు దిగి, తన చెప్పులు ఆ ఇటుక పక్కనే విడిచి, లోపలికి వచ్చి నేల మీద కూర్చుని, ఆయన పాదాన్ని ఒళ్లో పెట్టుకుని కట్టు విప్పేది.

"చెప్పులు వాడతాండావా పెద్దాయనా?"

"ఒక్క దినం కూడా మానలే మ్మా. బయట సూడు, ఎట్ల పెట్టుకున్నానో."

"సూసినా లే. మా ఆయన బైకును కూడా ఇంత బాగా తుడవడు" అని నవ్వి, ఆమె తన రిజిస్టరులో పాదరక్షలు వాడుతున్నాడని రాసుకుంది. తరవాత నేను అడిగినప్పుడు ఆ రిజిస్టరు తెరిచి ఆ వరుసను మళ్లీ చూసుకుంది. "నేనూ ఇప్పేసే లోపలికి వచ్చినాను సార్" అంది. "నాకే తట్టలే."

కృపామణి సంగతి కూడా చెప్పాలి. ఆసుపత్రిలో ఉన్న పన్నెండు రోజులూ ఆ పిల్ల సెలవు పెట్టింది. ఆమెది కాంట్రాక్టు పని. ఇంకా సెలవంటే లైనులో వేరే మనిషి నిలబడతాడని సూపర్‌వైజరు ముందే చెప్పాడు. కంపెనీ బస్సు తెల్లవారకముందే మెయిన్ రోడ్డు మీదికి వస్తుంది. సాయంత్రం అయిదు దాటితే గాని తిరిగి దించదు. పోయేముందు అన్నం, కూర వండి, డాక్టరు చెప్పినట్టు రెండు కోడిగుడ్లు ఉడకబెట్టి, గిన్నెలో మూతపెట్టి వెళ్లేది. వచ్చి చూస్తే గిన్నె ఖాళీగా కడిగి ఉండేది. సంతోషించేది.

ఆ గుడ్లు సుందరరాజు తినలేదు. ఆనందమ్మ తిననివ్వలేదు. కోసిన గాయానికి గుడ్డు, పప్పు పెడితే చీము పడుతుందని ఆమెకు తెలిసిన వైద్యం. వాళ్ల అమ్మకు తెలిసిన వైద్యం కూడా అదే. రోజూ వాటిని తీసుకెళ్లి వీధిలో బాలింతరాలికి ఇచ్చి, తమ్ముడికి చారన్నం, వేయించిన వెల్లుల్లి పెట్టేది.

"డాక్టరు తినమన్నాడు గదక్కా."

"డాక్టరుకు కొయ్యడం తెలుసు. మాన్పేది యెట్లనో నాకు తెలుసు. మూసుకోని తిను."

ఆయన మూసుకుని తిన్నాడు. చిన్నప్పటి నుంచి ఆమె ఆయన్ను పెంచింది అలాగే. పాపకు, అంటే కృపామణికి, చెప్పొద్దనీ, ఊరికే పోట్లాడుతుందనీ ఇద్దరూ అనుకున్నారు. ఈ మోసంలో ప్రేమ తప్ప మరొకటి లేదు. అయినా మోసం మోసమే. గాయం మానడానికి కావలసిన ఆహారం ఆ శరీరానికి అందలేదన్నది నిజం.

పదో రోజు చూపించుకోవడానికి రమ్మన్నారు. ఆ గురువారం కృపామణి ఎవరినో బతిమాలి షిఫ్టు మార్చుకుని తండ్రిని తీసుకెళ్లింది. ఆనాడు బయటి రోగుల విభాగంలో కూర్చోవడానికి చోటు లేదు. డాక్టరు గది ముందు, ఎప్పటిలాగే, చెప్పుల గుట్ట. బయటే విడవమని బోర్డు లేదు. ఎవరూ చెప్పనూ లేదు. ముందు వచ్చినవాడు విడిచాడు గనక తరవాత వచ్చినవాడు విడిచాడు. సుందరరాజు తన నీలం చెప్పుల్ని ఆ గుట్టలో కలపకుండా, విప్పి ప్లాస్టిక్ సంచిలో పెట్టి కూతురి చేతికిచ్చి లోపలికి వెళ్లాడు.

డాక్టరు కట్టు విప్పించి చూశాడు. గాయం ఎర్రగా, శుభ్రంగా ఉంది. "బాగుండాది. చెప్పులు వాడతాండావు గదా?" అన్నాడు, తల ఎత్తకుండా రాస్తూ.

"వాడతాండా సార్."

మళ్లీ రెండు వారాలకు రమ్మన్నాడు. ఆ గదిలో వాళ్లు గడిపినది నాలుగు నిమిషాలని కృపామణి చెప్పింది. బయట ఇంకా నూరు మంది ఉన్నారని కూడా తనే చెప్పింది.

ఇరవయ్యో రోజు ఆదివారం. ఏప్రిల్ నెల. జబ్బు నుంచి లేచినవారు చర్చిలో నిలబడి కృతజ్ఞత సాక్ష్యం చెప్పడం వారి ఆచారం. కాలు నిలిచింది గనక సుందరరాజు చెప్పాలి. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆయనకే చెప్పాలని ఉంది. ఆ నెలంతా ఆయన కోసం ఆ కాలనీ ప్రార్థన చేసింది. తిరిగి ఇవ్వడానికి ఆయన దగ్గర ఉన్నది ఆ నాలుగు మాటలే. ఆనందమ్మ తెల్ల పంచె ఇస్త్రీ చేయించింది. కృపామణికి ఆ ఆదివారం కూడా డ్యూటీ ఉంది.

ఆటోలో వెళ్లారు. చర్చి ముందు పెద్ద సిమెంటు చప్టా ఉంది. చెప్పులు విడిచేది చప్టా అంచున, వేపచెట్టు నీడలో. అక్కడి నుంచి చర్చి తలుపు దాకా ఇరవై అడుగులు పూర్తిగా ఎండలో. పదకొండు గంటలప్పుడు ఆ సిమెంటు ఎలా ఉంటుందో ఆ చర్చికి వెళ్లేవారందరికీ తెలుసు. ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, పిల్లలు గెంతుతూ, మగవాళ్లు మునివేళ్ల మీద, అందరూ ఆ దూరాన్ని పరుగున దాటారు.

సుందరరాజు తన నీలం చెప్పుల్నీ అక్కడే విడిచి, నిదానంగా నడిచాడు. ముందు పాదం మీద బరువు వేయకూడదన్న డాక్టరు మాట గుర్తు పెట్టుకుని, మడమ పూర్తిగా ఆనించి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ, మధ్యలో ఆగి పాస్టరు అయ్యగారికి వందనం చెప్పి, ఆ ఎండలో నడిచాడు.

"ఏమప్పా సుందరరాజూ, మేమంతా కప్పల మాదిరి ఎగరతాంటే నువ్వు పెండ్లికొడుకు మాదిరి వస్తాండావే!" అన్నాడు తలుపు దగ్గర నిలబడిన పెద్ద ఒకాయన. అందరూ నవ్వారు. సుందరరాజూ నవ్వాడు.

"సూడండి నా తమ్ముణ్ణి" అంది ఆనందమ్మ పక్కనున్న ఆడవాళ్లతో. "మంచం దిగడనుకున్నోడు, యెట్ల దొర మాదిరి నడస్తాండాడో." ఈ మాట నాకు చెప్పింది ఆమే. చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ రోజు ఆయన సాక్ష్యం బాగా చెప్పాడని అందరూ అన్నారు. తన పాదాన్ని చేతుల్లో పెట్టుకుని కడిగిన డాక్టరును దీవించమని ప్రార్థించాడు. బయటికి వచ్చేటప్పుడు కూడా అలాగే నిదానంగా నడిచాడు.

సోమవారం రేవతి రాలేదు. ఆ రోజు మండల కేంద్రంలో వాళ్లకు సమావేశం ఉంది. మంగళవారం కట్టు రోజు కాదు. మడమ మీద కట్టు లేదు గనక అక్కడ లేచిన బొబ్బను ఆయన కళ్లతో చూడగలిగేవాడే. చూసుకోమని డాక్టరు చెప్పనూ చెప్పాడు. కాని మడమ అడుగు చూసుకోవాలంటే కాలు మడిచి ఎత్తాలి, లేదా అద్దం పెట్టుకోవాలి. ఆయన మోకాలు అంత మడవదు. ఆ పని కూతురు చేయాలి. ఆమె ఇల్లు చేరేసరికి తండ్రి తిని, కాళ్లు చాపి, దుప్పటి కప్పుకుని ఉండేవాడు. "కాలు యెట్లుండాది నాయనా?" అంటే "బాగుండాది మ్మా, నొప్పేం లేదు" అనేవాడు. అది అక్షరాలా నిజం.

బుధవారం పది గంటలకు వచ్చిన రేవతి బొబ్బ చితికి నల్లబడిన మడమను చూసింది. కట్టు విప్పితే పాత గాయం అంచు కూడా మళ్లీ తెరుచుకుని ఉంది.

"అమ్మా, ఇప్పుడే తిరుపతికి తీసకపోవాల. ఇప్పుడే" అంది ఆనందమ్మతో.

ఏర్పేడు నుంచి తిరుపతికి అరగంటకొక బస్సు ఉంది. దూరం ఇక్కడ సాకు కాదు. ఆనందమ్మ కృపామణికి ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. ఆ ఫ్యాక్టరీలో పనివాళ్లు ఫోన్లను గేటు దగ్గర పెట్టెల్లో పెట్టి తాళం వేసి లోపలికి పోవాలి. ఆనందమ్మ పదిహేడుసార్లు చేసింది. ఆ సంఖ్యను నేను కృపామణి ఫోనులో చూశాను.

"నువ్వే తీసకపోరాదా పెద్దమ్మా?" అని రేవతి అడిగింది.

"నేనా? ఆ కార్డు యాడుందో, ఆ కాగితాలు యాడుండాయో పాపకే తెలుసు. ఆడ ఏ గదికి పోవాల్నో, ఎవుర్ని అడగాల్నో నాకేం తెలుసు మ్మా? నన్ను గేటు కాడే ఆపేస్తారు. సందేళకు పాప వస్తాది."

రేవతి అంబులెన్సుకు ఫోను చేస్తానంది. ఈసారి వద్దన్నది సుందరరాజు. "నొప్పే లేదు, అంబులెన్సు ఎందుకు మ్మా? నాకంటే అవసరమైనోడికి యెవడికైనా పనికొస్తాది. పొద్దున పాపతో పోతా." రేవతి కట్టు కట్టి, సాయంత్రం మళ్లీ ఫోను చేస్తానని వెళ్లింది. చేసింది కూడా. అప్పటికి జ్వరం మొదలైంది. కృపామణి ఇల్లు చేరాక కూడా, పొద్దున పోదామన్న తండ్రి మాటే నెగ్గింది.

గురువారం పొద్దున, ఇరవై నాలుగో రోజు, ఆయన్ను మళ్లీ చేర్చుకున్నారు. వాపు చీలమండ దాటింది. డాక్టర్ బాలచంద్ర చూసి, గుర్తుపట్టాడు.

"చెప్పులు యాడ?" అన్నాడు.

కృపామణి ప్లాస్టిక్ సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆయన వాటిని వెనక్కి తిప్పి అడుగు చూశాడు. ఇరవై నాలుగు రోజులు వాడిన చెప్పు అడుగున ఉండవలసిన అరుగుదల లేదు. అడుగు రబ్బరు మీది అచ్చు గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి. లోపలి మెత్తటి పొర మీద పాదం గుర్తు కూడా సరిగా పడలేదు.

"వాడతాండానని నాకు చెప్పినావు. కట్టు కట్టే నర్సుకూ చెప్పినావంట. ఇవి వాడిన చెప్పులేనా?"

"వాడినాను సార్. యాడికి పోయినా వేసుకొనే పోయినా."

"మరి ఇంట్లో?"

సుందరరాజు అర్థం కానట్టు ఆయన ముఖంలోకి చూశాడు. "ఇంట్లో... ఇంట్లోకి చెప్పులేసుకోని యెట్ల వస్తాం సార్?"

డాక్టరు చెప్పుల్ని సంచిలో పెట్టి కృపామణికి తిరిగి ఇచ్చాడు. ఆ పిల్ల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె జేబులో ఫోను మోగుతూనే ఉంది. లైను సూపర్‌వైజరు.

మడమలోని చచ్చిన కండను అదే రోజు తీసేశారు. మూడు రోజులు మందులతో ప్రయత్నించారు. నాలుగో రోజు మోకాలి కింద తీసేశారు. సంతకం కృపామణి పెట్టింది. పెట్టేముందు ఒకే ప్రశ్న అడిగిందట. "ఆ బుధవారమే తెచ్చుంటే?" డాక్టరు దానికి నిజాయితీగానే జవాబిచ్చాడు. "తెలీదమ్మా" అన్నాడు.

మళ్లీ చేరినవారి కోసం ఆసుపత్రిలో ఒక పత్రం ఉంది. దాని చివరి గడిలో కారణం గుర్తించాలి. సుందరరాజు పత్రంలో 'రోగి సూచనలు పాటించలేదు' అన్న మాట ఎదుట టిక్కు ఉంది. దాన్ని కొట్టివేయడానికి నాకు ఆధారం దొరకలేదు. సూచన ఇచ్చారు. పాటించలేదు. అంతవరకు అది నిజం. కాని ఆ పత్రంలో ఇంటి నేల పద్నాలుగు అడుగులకు గడి లేదు. తాళం వేసిన ఫోను పెట్టెకు గడి లేదు. వీధిలో బాలింతరాలు తిన్న గుడ్లకు, ఎండలో పెండ్లికొడుకులా నడిచినందుకు నవ్విన నవ్వుకు గడి లేదు. వీటిలో ఏది ఎంత బరువు తూగిందో విడదీసి చెప్పమంటే నేను చెప్పలేను. చప్టా ఒక్కటే కారణమనడానికి పాత గాయం తెరుచుకోవడం అడ్డం వస్తుంది. ఇల్లు ఒక్కటే కారణమనడానికి పదో రోజున గాయం శుభ్రంగా ఉండడం అడ్డం వస్తుంది. ఎవరినైనా నిందించి ఊరుకుందామంటే, నిందించదగిన మనిషి ఎదురుగా లేడు. ఉన్నవారంతా తమకు తెలిసినంతలో ఆ కాలును కాపాడడానికే పాటుపడ్డారు. నేను అదనంగా ఒక కాగితం రాసి జతపరిచాను. పత్రంలో లేని గడికి జతపరిచిన కాగితాన్ని ఎవరు చదువుతారో నాకు తెలియదు.

ఆయన్ను ఇంటికి పంపిన రోజు నేను కూడా ఆ ఊరికి వెళ్లాను. డాక్టరు ఈసారి కృపామణినీ ఆనందమ్మనూ ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఎడమ పాదంలో కూడా స్పర్శ సగం పోయిందనీ, ఆ కాలైనా దక్కాలంటే ఎడమ చెప్పు ఇంట్లో, మంచం దిగిన ప్రతిసారీ, దొడ్డికి పోయేటప్పుడు కూడా ఉండాలనీ చెప్పాడు. వాళ్లచేత తిరిగి చెప్పించుకున్నాడు. ఆనందమ్మ గుడ్ల సంగతి తనే బయటపెట్టి ఏడ్చింది.

కృపామణికి ఆ ఫ్యాక్టరీలో పని పోయింది. ఆటో దిగినప్పుడు తండ్రి సంకల కింద చేతులు వేసి గడప దాకా తెచ్చింది తనే. గడప మీద కూర్చోబెట్టింది. లోపలికి ఎత్తుకుపోవడానికి ఇద్దరు మగవాళ్లు వస్తున్నారు.

వాళ్లు వచ్చేలోపు సుందరరాజు చెయ్యి అలవాటుగా ఎడమ పాదం మీదికి పోయింది. పర్రుమని పట్టీ ఊడింది. చెప్పు విప్పి, చెయ్యి చాపి, ఇటుక మీద కుడిచెప్పు ఉండే చోటు ఖాళీగా వదిలి, ఎడమపక్కన పెట్టాడు.

"రేయ్, తీయద్దురా!" అని ఆనందమ్మ అరిచింది. "ఉండనీ. డాక్టరు ఏం చెప్పినాడు?"

"ఇల్లు కదక్కా" అన్నాడు ఆయన.

కృపామణి ఆ చెప్పును తీసి, పైట కొంగుతో అడుగు రెండుసార్లు, మూడుసార్లు తుడిచి, వంగి తండ్రి కాలికి మళ్లీ తొడిగి పట్టీ బిగించింది. మగవాళ్లు ఆయన్ను లోపలికి ఎత్తుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టారు. ఆయన మంచం అంచును రెండు చేతులా పట్టుకుని, చెప్పు ఉన్న ఆ ఒక్క కాలును నేలకు ఆనకుండా బెత్తెడు పైకి ఎత్తి పట్టుకున్నాడు. నేను సెలవు తీసుకునే దాకా అలాగే ఉన్నాడు. తొడ వణుకుతోంది.